పంతుళ్లను పంపేసుకున్న మైదానం

హైదరాబాద్ గొప్పలు చదివేటోళ్లు చార్మినార్ తో మొదలుపెట్టి హైటెక్ సిటీ దగ్గర ఆపుతారు. ఈ పట్నం దేశానికి ఫుట్‌బాల్ ఆటగాళ్లనే గాక, ఫుట్‌బాల్ చెప్పే పంతుళ్లను కూడా ఇచ్చిందన్న సంగతి ఆ జాబితాలో కనబడదు. 2024లో 'మైదాన్' సినిమా వచ్చేదాకా సయ్యద్ అబ్దుల్ రహీం ఎవరో మన పిల్లల్లో చాలామందికి తెలియదు. మన రహీం సాబ్ యాది హిందీ సినిమా తొవ్వలో మనకు చేరాల్సి వచ్చిందంటే మన సోయి ఏపాటిదో అర్థమవుతుంది. ఆయన తర్వాతి తరానికి చెందిన సయ్యద్ నయీముద్దీన్ కు ఆ సినిమా భాగ్యం కూడా దక్కలేదు. అందుకే ఆ కథ మనమే చెప్పుకుందాం.

నయీముద్దీన్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో ఎదిగిన డిఫెండర్. ఆ జట్టు మామూలు జట్టు కాదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ ను ఇంకొకరికి దక్కనియ్యలేదు. దాన్ని నడిపిన రహీం సాబ్ వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన చేతికింద భారత జట్టు 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ లో నాలుగో స్థానంలో నిలిచింది.

ఆ 1956ను మనం ఇంకో కారణానికి మరిచిపోలేం. నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రం దేశపటంలో లేకుండా పోయింది. నెల తిరిగేసరికి హైదరాబాదీలు అధికంగా ఉన్న భారత జట్టు మెల్‌బోర్న్ లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్ సెమీఫైనల్ కు చేరింది. రాష్ట్రం పోయినా ఫుట్‌బాల్ జట్టు పేరు కొన్నాళ్లు హైదరాబాద్ గానే నిలిచింది. ఆ పేరుతోనే 1956-57లో, 1957-58లో వరుసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ పేరుతో గెలిచింది ఒక్కసారే, 1965లో. 2014 దాకా సాగిన ఉమ్మడి రాష్ట్రానికి ఆ ఒక్క ట్రోఫీయే మిగిలింది.

ఆ 1965 గెలుపు తర్వాత ఏమైంది? 1966లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బు నయీముద్దీన్ ను, మహమ్మద్ హబీబ్ ను కలకత్తా తీసుకపోయింది. ఆంధ్రప్రదేశ్ కు కప్పు తెచ్చిన హబీబే 1969లో బెంగాల్ తరఫున ఆడి అదే కప్పు గెలిచాడు. ఇద్దరూ ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడారు. సికింద్రాబాద్ బిడ్డ తులసీదాస్ బలరాం వాళ్లకంటే ముందే ఆ తొవ్వ పట్టాడు. 1962 బంగారు పతకం జట్టులోని ఆ మనిషి బెంగాల్ లోనే స్థిరపడి 2023 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశాడు.

పైసల కోసం పోయిండ్రు, వాళ్ల గురించి మనకెందుకు బాధ అని కొందరు అంటారు. పాలమూరు కూలీ బొంబాయి పోయినా, కరీంనగర్ రైతుబిడ్డ దుబాయ్ పోయినా ఇదే మాట అన్నవాళ్లు ఉన్నారు. పని ఉన్న చోటికి మనిషి పోతాడు. ఇక్కడ ఆటగాడికి దొరికింది పోలీసు కొలువో, రైల్వే కొలువో. అక్కడ ఆటే కొలువైంది. తప్పు పోయినోళ్లది కాదు. పోయినోళ్ల జాగాలో కొత్తోళ్లను తయారు చెయ్యనోళ్లది. రహీం సాబ్ 1963 జూన్ లో క్యాన్సర్ తో పోయారు. ఆయన పాఠాన్ని బడుల్లో, బస్తీ మైదానాల్లో కొనసాగించే బాధ్యతను ఉమ్మడి రాష్ట్ర పాలకులు ఎవరూ నెత్తికెత్తుకోలేదు.

నయీముద్దీన్ కెప్టెన్సీలో 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత్ కాంస్యం గెలిచింది. పతకం కోసం జరిగిన మ్యాచ్ లో ఓడించింది జపాన్ ను, 1-0 తేడాతో. అంతకు రెండేళ్ల ముందే మెక్సికో ఒలింపిక్స్ లో కాంస్యం తెచ్చుకున్న జపాన్ ను! ఆ ఏడే నయీముద్దీన్ కు అర్జున అవార్డు వచ్చింది.

ఆట ఆపినంక ఆయన పంతులయ్యారు. క్రమశిక్షణ దగ్గర ఎవరికీ మినహాయింపు ఇయ్యని కోచ్ గా పేరు పడింది. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఒకే ఏడాది ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ గెలిచింది. ద్రోణాచార్య అవార్డు ఆ ఏడాదిదే. శిష్యుడి పేరున్న అవార్డు, గురువు పేరున్న అవార్డు రెండూ ఒకే మనిషి ఇంట్లో చేరాయి. 1997లో, 2005లో ఆయన కోచ్ గా ఉండగా భారత్ దక్షిణాసియా టైటిల్ గెలిచింది. ఢాకాలో బ్రదర్స్ యూనియన్ కు పాఠాలు చెప్పారు. 2007లో బంగ్లాదేశ్ జాతీయ జట్టుకు కూడా కోచ్ అయ్యారు. ఆయన పంతులుగా పేరు మోసిన ఊళ్లలో కలకత్తా ఉంది, ఢాకా ఉంది. పుట్టిన గడ్డ లేదు.

ఇంకో మ్యాచ్ సంగతి కూడా దాచకుండా చెప్పాలి. 2006 ఫిబ్రవరిలో ఆసియా కప్ అర్హత పోటీలో భారత్ అదే జపాన్ చేతిలో 0-6తో ఓడింది. అప్పుడు కోచ్ నయీముద్దీనే. ఆ ఏడే ఆ కుర్చీ ఇంగ్లండ్ కు చెందిన బాబ్ హౌటన్ కు పోయింది. కెప్టెన్ గా ఓడించిన జపాన్ చేతిలోనే కోచ్ గా అర డజను గోల్స్ తినాల్సి వచ్చింది. ఆయన నేర్పిన పద్ధతికి కాలం చెల్లిందని అప్పట్లో విమర్శించినవాళ్లు ఉన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉండొచ్చు. కానీ మధ్యలో గడిచిన ముప్పై అయిదేళ్లు జపాన్ ఏం చేసింది, మనం ఏం చేశాం? జపాన్ 1993లో ప్రొఫెషనల్ లీగ్ పెట్టింది. 1998లో మొదటిసారి ప్రపంచ కప్ ఆడింది. 2002లో కొరియాతో కలిసి ప్రపంచ కప్ నే నిర్వహించింది. మన దగ్గర ఒక పంతులు ఒంటరిగా పాఠం చెప్పుకుంటూ పోయాడు. బడి కట్టనోళ్లు పంతులుకు మార్కులు వేశారు.

2014 జూన్ 2న మన రాష్ట్రం మనకొచ్చింది. ఇప్పుడు నెపం పెట్టడానికి పక్కోడు లేడు. మరి మన పాలనలో ఫుట్‌బాల్ కు ఏం జరిగింది? హైదరాబాద్ ఎఫ్‌సీ అనే జట్టు వచ్చింది, 2022లో ఐఎస్ఎల్ టైటిల్ గెలిచింది. సంబురపడ్డాం. 2025లో ఆ జట్టు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. 2024 డిసెంబర్ లో సంతోష్ ట్రోఫీ చివరి పోటీలు హైదరాబాద్ లోనే జరిగాయి. ఫైనల్ లో బెంగాల్ కేరళను ఓడించింది. మైదానం మనది, కప్పు వాళ్లది. జట్టును పైసలు పెట్టి తెచ్చుకోవచ్చు. పైసలున్నోడు దాన్ని తీసుకపోవచ్చు కూడా. బస్తీ బడిలో పదేండ్ల పిల్లగానికి బంతిని ఎట్ల ఆపాలో చెప్పే పంతులును మాత్రం ఎవడూ ఎత్తుకపోలేడు.

అందుకే మా డిమాండ్ పెద్ద స్టేడియం కోసం కాదు. సర్కారు బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయుల ఖాళీలు నింపండి. ప్రతి జిల్లాకు శిక్షణ పొందిన ఫుట్‌బాల్ కోచ్ ను నెల జీతం మీద పెట్టండి. బడి మైదానాలను, బస్తీ మైదానాలను కబ్జాల నుంచి కాపాడండి. పోలీసు, విద్యుత్తు, ఆర్టీసీ శాఖల్లో ఆటగాళ్లకు కొలువులిచ్చి జట్లు నిలబెట్టండి. రహీం, నయీముద్దీన్, హబీబ్, బలరాం జీవితాలను పాఠ్యపుస్తకాల్లో చేర్చండి. నీళ్లు, నిధులు, నియామకాలని కొట్లాడిన జాతి మనది. ఫుట్‌బాల్ కూడా ఒకనాడు ఈ పట్నంలో నియామకమే. సిటీ పోలీస్ యూనిఫాం తొడుక్కున్న పిల్లలే దేశం తరఫున ఆడారు.

విద్యార్థి మిత్రులకు, ఉద్యోగ సోదరులకు మా విన్నపం ఒక్కటే. మీ ఊరి బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఉన్నాడా, మైదానం మిగిలిందా అన్నది ఈ వారమే పోయి చూడండి. లేకుంటే మండల విద్యాధికారికి దరఖాస్తు రాయండి, ఊరోళ్లతో సంతకాలు పెట్టించండి. రాష్ట్రం కోసం రోడ్డెక్కినోళ్లకు ఒక పంతులు కోసం కలం పట్టుడు పెద్ద పనేం కాదు.