మామయ్య సిస్టమ్‌ని స్క్రాప్‌కి వేయను

ఫ్రెండ్స్, "ఆ డబ్బా ఇంకా ఉందా? స్క్రాప్‌కి వేసేయ్ రా" అని మన క్లాసులోనే చాలామంది నాతో అన్నారు. ఈ వ్యాసం వాళ్ల కోసమే. (చదివిందంతా ఇంగ్లీష్ మీడియం, ఒత్తులు తప్పితే ఎడిటర్ గారు దిద్దుకోవాలి.)

ఆ డబ్బా మా మామయ్యది. బూర్గంపాడులో చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. 2008లో అసెంబుల్ చేయించాడు: పెంటియం డ్యూయల్ కోర్ ఈ2160, జీ31 బోర్డు, 2 జీబీ ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ. పెళ్లి కార్డులు, దశదినకర్మ కార్డులు, అడవి వైపు గూడేల వాళ్ల పోడు పట్టా అర్జీలు, అన్నీ అందులోనే పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టాడు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చినప్పుడు ముందు మేడెక్కించింది దాన్నే. జిరాక్స్ మెషిన్ మునిగిపోయింది.

కొత్తది కొనొచ్చు కదా అంటారు. అను ఫాంట్లు యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే తెలుగు ఉండదు, పిచ్చి గుర్తులుంటాయి. కన్వర్టర్లు ఉన్నాయి, నిజమే. పదిహేనేళ్ల ఫైళ్లు ఎవరు కూర్చుని మారుస్తారు? అలాగని ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేస్తే షాపే మూతపడేలా ఉంది. ఇప్పుడు వచ్చే వాళ్లలో సగం మందికి ఆన్‌లైన్ అప్లికేషన్లే కావాలి. ఆ సిస్టమ్‌లో బ్రౌజర్ తెరుచుకునేలోపు వాళ్లు సారపాక వెళ్లిపోతున్నారు.

అందుకే ప్రాసెసర్ మార్చాను. ఎల్‌జీఏ 775 సాకెట్ 2004లో వచ్చింది. అదే సాకెట్‌లో పెంటియం 4 నుంచి కోర్ 2 క్వాడ్ దాకా ఉన్నాయి. యూట్యూబ్ అంతా క్వాడ్ క్యూ6600 వేయమంటుంది. దాని వేడి రకాన్ని బట్టి 95 లేదా 105 వాట్లు. మాది రేకుల షాపు, మే నెల ఎండ మీకు తెలుసు, ఎస్‌ఎంపీఎస్ కూడా పాతదే. నేను కోర్ 2 డ్యుయో ఈ8400 తీసుకున్నా. 3 గిగాహెర్ట్జ్, 6 ఎంబీ క్యాష్, పాతదాని లాగే 65 వాట్లు. సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్, ఐదొందల లోపే.

భయపెట్టింది బయాస్. ఇది 45 నానోమీటర్ల చిప్, మా బోర్డులోని పాత బయాస్ దీన్ని గుర్తుపట్టదు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు అక్కడికక్కడే అవుట్. ఇన్వర్టర్ ఫుల్ అయ్యేదాకా ఆగి రాత్రి పదకొండింటికి చేశా. పిన్నులు చిప్‌కి కాదు, సాకెట్‌కే ఉంటాయి కాబట్టి ఒక్కటి వంగినా అంతే. పాత పేస్ట్ ఎండిన సున్నంలా రాలింది. కూలర్ నాలుగో క్లిప్పు నొక్కుతుంటే బోర్డు వంగింది, నాకు చెమటలు. మామయ్యేమో, "ఏమల్లుడూ, కాలేజీలో ఇవి నేర్పరా?" అన్నాడు. క్యాష్ మెమరీ బొమ్మ పరీక్షలో వేసి పది మార్కులు తెచ్చుకున్నవాణ్ని, అప్పటిదాకా ఒక్క చిప్ చేత్తో పట్టుకోలేదు.

నిజం చెప్పాలంటే సిస్టమ్ తొందరగా ఆన్ అవుతోందంటే ఆ క్రెడిట్ ఎస్‌ఎస్‌డీదే. కానీ బ్రౌజర్ వాడగలిగేలా చేసింది మాత్రం ప్రాసెసర్. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో సపోర్ట్ ఆగింది, అందుకే దాన్ని నెట్‌కి దూరంగా ఉంచి, ఆన్‌లైన్ పనికి పక్కనే లినక్స్ వేశా. విండోస్ 11 ఆశ లేదు. 24హెచ్2 వెర్షన్ అడిగే పాప్‌కౌంట్ ఇన్‌స్ట్రక్షన్ ఈ చిప్‌లో లేదు. అంటే దీన్ని ముసలిదని తేల్చింది ఎక్కడో రాసిన సాఫ్ట్‌వేర్. మామయ్య షాపులో పని మాత్రం కాదు. రేపు అలాంటి సాఫ్ట్‌వేర్ రాయబోయేది మనమే, నా కోపం సగం అందుకే.

పోయిన నెల ఒక పెద్దాయన 2009 నాటి అర్జీ కాపీ కావాలని వచ్చాడు. మామయ్య రెండు నిమిషాల్లో తీసిచ్చాడు, డబ్బులు తీసుకోలేదు.

మీ ఇంట్లో అటక మీద డీడీఆర్2 ర్యామ్, 2 జీబీ స్టిక్కులు ఉంటే చెప్పండి. బోర్డు 4 జీబీ దాకా తీసుకుంటుంది.