రెండో అంకె

మా బాబాయికి పసుపు తప్ప మరో ధ్యాస లేదు. దుగ్గిరాల యార్డులో ఇవాళ కొమ్ము ఎంత పలికింది, కాయ ఎంత పలికింది అని కనుక్కుంటే గానీ ఆయనకు పొద్దున కాఫీ గొంతు దిగదు. అలాంటి మనిషి, 2025 ఫిబ్రవరి 27న నేను పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు వేసి ఇంటికి రాగానే, నా వేలిమీద సిరా చుక్క చూసి పసుపు సంగతి పక్కన పెట్టాడు.

"ఎవరికేశావురా?"

"ఒకటి ఒకాయనకి, రెండు ఇంకొకాయనకి, మూడు మరొకాయనకి."

"ఓరి నీ దుంపతెగ! డిగ్రీ ఉందని నీకు మూడు ఓట్లు, అరవై ఏళ్లు పొలం చేసిన నాకు సర్పంచికి ఒక్కటేనా?"

మూడు కాదు బాబాయ్, నాదీ ఒక్కటే ఓటు. కాకపోతే అది మూడు మాటలు మాట్లాడుతుంది. యార్డుకెళ్లిన వ్యాపారి ఏం చేస్తాడు? ఈ లాటు దక్కకపోతే ఆ లాటు, అదీ దక్కకపోతే ఆ పక్కది అని మనసులో వరస పెట్టుకుంటాడు. ఇదీ అంతే. చెల్లిన ఓట్లలో సగం దాటినవాడే గెలిచినట్టు. ఎవరూ దాటకపోతే అందరికంటే తక్కువ వచ్చినాయన్ని తప్పించి, ఆయన కాగితాల మీది రెండో అంకె ఎవరికుంటే వాళ్లకు కలుపుతారు. సగం దాటేదాకా ఇదే వరస.

నూరు ఓట్లున్నాయనుకోండి. ఒకరికి 40, ఒకరికి 35, ఒకరికి 25. మామూలు లెక్కలో 40 వచ్చినాయన మెడలో దండ పడుతుంది, అరవై మంది కాదన్నా సరే. ఇక్కడ అలా కుదరదు. 25 వచ్చినాయన కాగితాల్లో ఇరవై రెండో వాడికి, అయిదు మొదటి వాడికి వెళితే 55, 45. దండ చేతులు మారుతుంది.

ఇది కొత్త వింతేమీ కాదు. 1969లో రాష్ట్రపతి ఎన్నికలో ఇద్దరు తెలుగువాళ్లు తలపడ్డారు. మొదటి లెక్కలో ఓటు విలువల ప్రకారం వి.వి.గిరికి 4,01,515, నీలం సంజీవరెడ్డికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్‌కి 1,12,769 వచ్చాయి. గెలవాలంటే 4,18,169 కావాలి. ఎవరికీ చాలలేదు. రెండో ప్రాధాన్యతలు విప్పితే అందులో ఎక్కువ భాగం సంజీవరెడ్డికే చేరింది. అయినా గిరి 4,20,077తో ఒడ్డునపడ్డారు. సంజీవరెడ్డి 4,05,427 దగ్గర ఆగిపోయారు.

మన కృష్ణా-గుంటూరు స్థానంలో 2025లో అంతదాకా రాలేదు. తెనాలి ఆలపాటి రాజేంద్రప్రసాద్ మొదటి ప్రాధాన్యత ఓట్లతోనే సగం దాటేశారు. 2021లో హైదరాబాద్ పట్టభద్రుల స్థానంలో మాత్రం 93 మంది నిలబడ్డారు. న్యూస్‌పేపరంత బ్యాలెట్టు! పి.వి.నరసింహారావుగారి అమ్మాయి సురభి వాణీదేవి గెలుపు తేలడానికి రోజుల తరబడి లెక్కపెట్టాల్సి వచ్చింది.

"అంత తిరకాసు పల్లెటూరి వాళ్లకి అర్థమవుతుందా?" అనే పెద్దమనుషులున్నారు. ఒక్క మాట. పట్టభద్రుల ఎన్నికల్లో ప్రతిసారీ వేల ఓట్లు చెల్లకుండా పోతున్నాయి. అక్కడిచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతో అంకె వేయమంటే, టిక్కు పెట్టేవారు కొందరు, సంతకం చేసేవారు కొందరు. అందరూ డిగ్రీ చదివినవారే! కాబట్టి లోటు చదువుది కాదు, అలవాటుది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం 2004 నుంచి స్థానిక ఎన్నికలు ఇలాగే జరుపుతోంది. న్యూయార్క్‌లో 2021 మేయర్ పదవికి పార్టీలు అభ్యర్థుల్ని ఎంచుకున్నప్పుడు ఓటరు అయిదుగురి దాకా వరస పెట్టాడు. ముందు జనానికి నేర్పారు, తర్వాత పెట్టారు.

మన సర్పంచి ఎన్నికకు అడ్డేమిటి? రాజ్యాంగంలో 243సి అధికరణం గ్రామ పంచాయతీ అధ్యక్షుణ్ణి ఎలా ఎన్నుకోవాలో తేల్చే పని రాష్ట్ర శాసనసభకే వదిలేసింది. తలుపు గడియ పెట్టి లేదు. తోసేవాళ్లే లేరు.

లెక్కపెట్టడం ఆలస్యమవుతుంది, నిజమే. కానీ ఒక లాభం ఉంది. రెండో అంకె కావాలనుకున్న అభ్యర్థి, తనకు ఓటు వేయని వీధిలోకి కూడా వెళ్లి దణ్ణం పెట్టాలి. వెళ్లేవాడు నోరు పారేసుకోడు.

ఇదంతా విని బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. సంగతి నాకు తెలుసు. 2021 ఫిబ్రవరిలో మా ఊరి సర్పంచికి ముగ్గురు నిలబడ్డారు. ఒకాయన మాకు అన్నదమ్ముల వరస. ఇంకొకాయన బాబాయితో కలిసి పలక పట్టిన స్నేహితుడు. బాబాయి వరసను కాదనలేక ఇంటివాడికే వేశాడు. ఇద్దరూ ఓడిపోయారు. ఇద్దరివీ కలిపితే గెలిచినాయనకంటే ఎక్కువే. ఆ రోజు నుంచీ ఆ స్నేహితుడు మా అరుగెక్కలేదు. యార్డులో ఎదురుపడినా తల తిప్పుకుపోతాడు.

"రెండో అంకె ఉంటే వాడికే వేసేవాణ్ణిరా," అన్నాడు బాబాయి చివరికి. "వేశానని వాడి మొహమ్మీదే చెప్పేవాణ్ణి."