బోర్డు కొనే ముందు బ్యాటరీ లెక్క వేయండి



నా చిన్నతనంలో టార్చిలైటు సెల్లులు నీరసించిపోతే మా అమ్మ వాటిని ఎండలో పెట్టేది. సాయంత్రం దీపం కాసేపు బాగానే వెలిగేది. ఎండ సెల్లులోకి ఎక్కిందని మేము నమ్మేవాళ్లం. నిజానికి వేడికి లోపలి రసాయన చర్య కొంచెం చురుకై, మిగిలిన శక్తి బయటికి వచ్చేది, అంతే. కొత్తగా చేరింది ఏమీ లేదు. ఈ సంగతి నాకు కాలేజీకి వెళ్లాక గాని తెలియలేదు.

ఇప్పుడు మీ చేతుల్లో ఆర్డ్యునో, మైక్రోబిట్, రాస్ప్‌బెర్రీ పై వంటి చిట్టి కంప్యూటర్లు ఉన్నాయి. కాని వాటికి శక్తి ఎక్కడి నుంచి, ఎంతసేపు వస్తుందో లెక్క చూసుకునే అలవాటు మాత్రం మనకింకా రాలేదు. అందుకే నాలుగు మాటలు చెప్పదలిచాను.

2020 అక్టోబరు 13న హైదరాబాదులో కురిసిన కుండపోత వాన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల, ఎల్.బి.నగర్ ప్రాంతంలో ఎన్నో కాలనీలు నీట మునిగాయి. ఆ అనుభవంతోనే మా బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, వీధిలో నీటిమట్టం పెరిగితే కూత పెట్టే పరికరం తయారుచేసింది. ఆర్డ్యునో బోర్డు, రెండు తీగలు, ఒక బజరు. చాలా చక్కగా పనిచేసింది.

సైన్స్ ప్రదర్శన రోజున దాన్ని గోడ ప్లగ్గుకు తగిలించాం. న్యాయనిర్ణేతలు వచ్చేసరికి కరెంటు పోయింది. వారిలో ఒకాయన నవ్వుతూ, "అమ్మా, వీధిలోకి వరద వచ్చినప్పుడు కరెంటు ఉంటుందా?" అని అడిగాడు. పిల్ల తల వంచుకుంది. తప్పు ఆమెది కాదు, నాది. ఆ ప్రశ్న ముందుగా నేను అడగవలసింది. పైగా నీటి పక్కన గోడ కరెంటు పెట్టడం ప్రాణానికే ప్రమాదం.

మరునాడు ఆమె 9 వోల్టుల చదరపు బ్యాటరీ తెచ్చింది. ఉదయం బిగిస్తే సాయంత్రానికి ఆగిపోయింది. ఎందుకో లెక్క వేద్దాం. ఆర్డ్యునో ఊనో బోర్డు ఒక్కటే సుమారు 50 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. మంచి 9 వోల్టుల బ్యాటరీలో ఉండేది దాదాపు 500 మిల్లీ ఆంపియర్-గంటలు. 500ను 50తో భాగిస్తే 10 గంటలు. బోర్డుకు కావలసింది 5 వోల్టులే కాబట్టి మిగిలిన 4 వోల్టులు రెగ్యులేటరులో వేడిగా పోతాయి. అంటే శక్తిలో నూటికి 44 పాళ్లు వృథా!

తర్వాత మేము రీచార్జి చేసుకునే పెన్ సెల్లులు ఆరు వరుసగా కలిపాం. ఇవి నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం. ఒక్కొక్కటి 1.2 వోల్టులు, మొత్తం 7.2 వోల్టులు. సామర్థ్యం 2000 మిల్లీ ఆంపియర్-గంటలు. లెక్క ప్రకారం 40 గంటలు రావాలి. ఆచరణలో కొంత తగ్గినా ఒక వాన రాత్రి గడవడానికి చాలును. అయిపోతే మళ్లీ చార్జి చేసుకోవచ్చు. కిరాణా కొట్లో దొరికే పెన్ సెల్లులనే అత్యవసరంలో అదే పెట్టెలో వేసుకోవచ్చు. మైక్రోబిట్ అయితే రెండు సన్నని సెల్లులతోనే నడుస్తుంది.

"సార్, మా ఇంట్లో పవర్ బ్యాంకు ఉంది కదా" అని మీరు అడగవచ్చు. రాస్ప్‌బెర్రీ పైకి అదే మేలు. అయితే మూడు సంగతులు గుర్తుంచుకోండి.

మొదటిది: పైన 10,000 అని రాసి ఉన్నది లోపలి 3.7 వోల్టుల సెల్లుల లెక్క. శక్తి 37 వాట్-గంటలు. దాన్ని 5 వోల్టులకు పెంచేటప్పుడు కొంత నష్టపోయి సుమారు 31 దక్కుతాయి. రాస్ప్‌బెర్రీ పై 4 సగటున 5 వాట్లు వాడితే 6 గంటలు నడుస్తుంది.

రెండవది: కేబులు. తీగ నిరోధం 0.2 ఓములు, ప్రవాహం 2 ఆంపియర్లు అయితే ఓమ్ నియమం ప్రకారం దారిలోనే 0.4 వోల్టులు పోతాయి. బోర్డుకు చేరేది 4.6 వోల్టులు. సుమారు 4.63 కన్నా తగ్గితే రాస్ప్‌బెర్రీ పై తెర మీద మెరుపు గుర్తు చూపి హెచ్చరిస్తుంది. పదో తరగతి పాఠం పరీక్షకే కాదని ఇప్పుడు తెలిసిందా! పొట్టి, లావు కేబులు వాడండి.

మూడవది: ఆర్డ్యునో వంటివి చాలా తక్కువ కరెంటు తీసుకుంటే, ఏమీ తగిలించలేదనుకుని కొన్ని పవర్ బ్యాంకులు తమంతట తామే ఆగిపోతాయి. అందువల్ల వరద పరికరానికి మేము దాన్ని వాడలేదు.

ఇక ఒక హెచ్చరిక. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి కోఠిలో దిగి, గుజరాతీ గల్లీలో విడి భాగాలు కొనడం నాకూ సరదాయే. కాని ఎక్కడ కొన్నా విడి లిథియం సెల్లుల జోలికి పోకండి. 18650 అనే రకం సెల్లు 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. మంచి సెల్లులో సుమారు 3500 మిల్లీ ఆంపియర్-గంటలు పడతాయి. పైన 9800 అని రాసి ఉంటే అది అబద్ధమని అర్థం. రక్షణ సర్క్యూటు లేని సెల్లు షార్ట్ అయితే మంటలు లేస్తాయి. పాత లాప్‌టాప్ నుంచి ఊడదీసినవీ, ఉబ్బినవీ అసలు తాకవద్దు. వాటిని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాలు సేకరించేవారికి ఇవ్వండి. వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యతను 2022 నాటి నియమాలు తయారీదారుల మీదే పెట్టాయి.

లిథియం అయాన్ బ్యాటరీని నేను తప్పు పట్టడం లేదు. దాన్ని రూపొందించిన గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. కావలసిందల్లా దాన్ని పెట్టెలో భద్రంగా ఉంచి వాడుకోవడం. పవర్ బ్యాంకు కొనేటప్పుడు బి.ఐ.ఎస్. గుర్తు, "ఆర్" అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయో లేదో చూడండి.

నా అభిప్రాయం ఇది. ప్రదర్శనలో మార్కులు వేసేవారు ప్రతి పరికరం ముందూ "కరెంటు లేకుండా ఇది ఎంతసేపు నడుస్తుంది?" అని తప్పక అడగాలి. లెక్క చూపిన వారికి మార్కులు ఇవ్వాలి. అప్పుడు ఖరీదైన బోర్డు తెచ్చిన పిల్లవాడూ, ఆరు పెన్ సెల్లులతో వచ్చిన పిల్లా ఒకే గీత మీద నిలబడతారు. లెక్కకు డబ్బు ఖర్చు కాదు కదా!

ఆ అమ్మాయికి ఆ ఏడు బహుమతి రాలేదు. కాని వానాకాలం వస్తే ఇప్పటికీ వాళ్ల గేటు పక్కన ఆ డబ్బా వేలాడుతూ ఉంటుంది. నెలకోసారి సెల్లులు చార్జి చేసి పెడుతుంది. పరికరం అంటే అదీ. మీరు తరువాత ఏది తయారుచేసినా, బోర్డు కొనే ముందు ఒక కాగితం తీసుకోండి. వోల్టులు, ఆంపియర్లు, గంటలు రాయండి. ఆ తరువాతే అంగడికి వెళ్లండి.