తెరచాపా? దాచిన ధనమా?

మన ప్రాచీన కావ్యాలలో ఓడ ప్రధానంగా సంపాదనకు సాధనం. శ్రీనాథుడు తన హరవిలాసాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి గొప్ప సముద్ర వర్తకుడు. సింహళం నుండి ఏనుగులను, హురుమంజి నుండి గుర్రాలను, చీనా నుండి పట్టువస్త్రాలను తెప్పించినవాడని ఆ కావ్యావతారిక చెబుతున్నది. గాలివాటున నీటిపై విహరించి రావడానికే ఒక సామాన్య గృహస్థు సొంత సొమ్ముతో పడవ కొనడం ఆనాటివారికి వింతగా తోచి ఉండేది. నేడు దేశాంతరాలలో ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారికి అది అందని కోరిక కాదు. అందువల్లనే అది ఒక ధర్మసందేహంగా పరిణమించింది.

అమెరికాలోని సియాటిల్ నగరంలో ఇంజనీరుగా పనిచేస్తున్న నా పూర్వవిద్యార్థి ఒకడు తన ముప్పైమూడవ ఏట ముప్పై అడుగుల పాత తెరచాప పడవ ఒకటి కొనదలచాడు. దాని వెల 30,000 డాలర్లు. ఆ నగరానికి పడమట ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ, తూర్పున వాషింగ్టన్ సరస్సు ఉన్నాయి. సెలవుదినం వస్తే అక్కడి నీళ్లమీద తెల్లని చాపలు విచ్చుకుంటాయి. రోజూ వాటిని చూసేవానికి కోరిక కలగడం సహజమే. ఆ సొమ్మును పదవీ విరమణ అనంతర జీవితానికి మదుపు చేయమని ఇక్కడి తండ్రి పట్టుబట్టారు. ఇద్దరూ నా అభిప్రాయం అడిగారు.

తండ్రి విశ్రాంత ఉపాధ్యాయుడు. ఆయనకు నెలనెలా పింఛను వస్తుంది. ముదిమికి కావలసిన ఏర్పాటు ఉద్యోగంతోనే ఆయనకు సమకూడింది. ఆ తరువాతి తరానికి అంతటి నిశ్చింత లేదు. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు 1 నుండి ప్రభుత్వోద్యోగాలలో చేరినవారికి పాత పింఛనుకు బదులు జీతం నుండి చందా చెల్లించే పద్ధతి వచ్చింది. అమెరికాలో సామాజిక భద్రత పింఛను ఉన్నా, అది పూర్వపు జీతంలో కొంత భాగానికే సరిపోతుంది. మిగిలినది ఉద్యోగి తానే కూడబెట్టుకోవాలి. కనుక తండ్రి భయాన్ని ఛాదస్తమని తోసివేయలేము. ఉపకరణాలు లేనివానికి దీర్ఘాయువు కంటే మించిన దురవస్థ లేదని చరకసంహిత ఏనాడో హెచ్చరించింది. వైద్యగ్రంథం ధనార్జన గురించి ఇంత నిక్కచ్చిగా మాట్లాడటం చూసి నేను మొదట ఆశ్చర్యపోయాను. ఆపై ఆలోచిస్తే, రోగుల ముదిమిని దగ్గరగా చూసిన వైద్యునికి కాక మరెవరికి ఆ సంగతి తెలుస్తుంది? శ్రీనాథుని కడపటి రోజులను గూర్చి ప్రచారంలో ఉన్న చాటుపద్యాలు కూడ ఇటువంటి చిత్రాన్నే చూపుతాయి. ప్రౌఢదేవరాయల ఆస్థానంలో కనకాభిషేకం పొందిన మహాకవి చివరికి బొడ్డుపల్లెను గుత్తకు పట్టి, కృష్ణ వరదలో పంట పోగొట్టుకొని, రాజుకు చెల్లించవలసిన సొమ్ముకై అవమానాల పాలయ్యాడట.

ఇక గణితం చూద్దాం. ఏటా 7.2 శాతం చొప్పున పెరిగే ధనం పదేళ్లలో రెట్టింపవుతుంది. ఆ లెక్కన 30,000 డాలర్లు ముప్పై ఏళ్లకు ఎనిమిది రెట్లయి 2,40,000 డాలర్లకు చేరాలి. తండ్రి కుమారునికి పంపిన లెక్క ఇదే. అయితే ధరలు కూడ ఏటా 3 శాతం పెరుగుతూ పోతే, ఆనాటి 2,40,000 డాలర్లతో కొనగలిగేది నేడు సుమారు లక్ష డాలర్లతో కొనగలిగినంతే. పైగా మార్కెట్టు ఏటా అంత వృద్ధిని ఇస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అంటే లాభం ఎనిమిది రెట్లు కాదు, మూడు రెట్లకు పైచిలుకు మాత్రమే. అదీ తక్కువేమీ కాదు.

కుమారుని లెక్కలో అంతకంటె పెద్ద లోపం ఉన్నది. అతడు పడవ వెలను మాత్రమే ఖర్చుగా భావించాడు. రేవులో పడవను కట్టి ఉంచడానికి అద్దె కట్టాలి. భీమా చేయాలి. అడుగుభాగానికి నాచు, నత్తగుల్లలు పట్టకుండా కొన్నాళ్లకొకసారి ప్రత్యేకమైన రంగు వేయించాలి. చాపలు చిరుగుతాయి, తాళ్లు పుచ్చుతాయి, ఇంజను మొరాయిస్తుంది. పడవ వెలలో పదోవంతు ఏటా దాని పోషణకే పోతుందని ఆ వ్యవహారం తెలిసినవారు స్థూలంగా చెబుతారు. అంటే సంవత్సరానికి 3,000 డాలర్లు. అదే 3,000 డాలర్లను అదే వడ్డీకి ఏటేటా ముప్పై ఏళ్లు దాచితే 2,90,000 దాటుతుంది. కొన్న వెల వల్ల పోయే భవిష్యద్ధనం కంటె పోషణ వల్ల పోయేదే ఎక్కువన్నమాట! కాబట్టి పడవ కొనాలా వద్దా అన్నదానికంటె దానిని ఎన్నేళ్లు ఉంచుకోవాలన్నదే అసలు ప్రశ్న. విద్యార్థులారా, మీకు పడవ బేరం ఇప్పట్లో రాకపోవచ్చు గాని, వాయిదాల పద్ధతిపై మోటారుసైకిలు బేరం త్వరలోనే వస్తుంది. అప్పుడు పెట్రోలు, మరమ్మతులు, భీమా కూడ లెక్కలో వేయండి.

అయితే పడవను అరవయ్యో ఏటికి వాయిదా వేయవచ్చునా? ఫ్రాన్సిస్ చిచెస్టర్ అనే ఆంగ్లేయుడు 1966 ఆగస్టులో ఒంటరిగా బయలుదేరి 1967 మే నెలలో ప్రపంచాన్ని చుట్టివచ్చాడు. ప్రయాణంలోనే ఆయనకు అరవై ఐదేళ్లు నిండాయి. తండ్రి పక్షాన దీనిని ఉదాహరించవచ్చు. కాని చిచెస్టర్ యాభైలలోనే పడవ నడపడం మొదలుపెట్టి, 1960లో అట్లాంటిక్ మహాసముద్రంపై ఏకాకి పందెం గెలిచినవాడు. అరవై ఐదవ ఏట ఆయన చేతులకు తాళ్లు కొత్త కావు. చాప గుంజే భుజబలం, వంగి జారే అట్టమీద నిలదొక్కుకొనే ఒడుపు, రాత్రి మేలుకొనే ఓర్పు బ్యాంకులో నిలువ ఉండేవి కావు. ధనాన్ని దాచుకోవచ్చు, కాని ముప్పైలలో నేర్వని విద్యను అరవైలలో ఆరంభించేవారు అరుదు. ఈ విషయంలో నేను కుమారుని పక్షమే.

మరొక సంగతి. సముద్రాన్ని అనుభవించడానికి సొంత పడవే ఉండాలనే నియమం లేదు. 2017 సెప్టెంబరులో గోవా నుండి ‘తారిణి’ అనే తెరచాప నౌకలో బయలుదేరి 2018 మే నెలలో భూగోళాన్ని చుట్టివచ్చిన ఆరుగురు మహిళా అధికారులలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. ఆ నౌక భారత నౌకాదళానిది. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవల పోటీలలో పాల్గొనే పిల్లలలోనూ పడవ సొంతమైనవారు ఎందరుంటారు? ఏడాదికి పది పన్నెండు సార్లు నీటిమీదికి వెళ్లేవానికి అద్దె పడవ చాలు. అంతకు మించి వెళ్లేవానికే సొంత పడవ న్యాయం.

ఇవన్నీ చూచి నేను ఇద్దరికీ ఒకే ఉత్తరం రాశాను. ఉద్యోగి దాచినదానికి యజమాని తన వంతు కలిపే 401-కె ఖాతాలో ఆ వంతు పూర్తిగా దక్కేటంత వరకు నెలనెలా పొదుపు ఆగకూడదు. దాని జోలికి పోయి, యాభైతొమ్మిదిన్నర ఏళ్లు నిండకముందే సొమ్ము తీస్తే సాధారణంగా పన్నుతో పాటు 10 శాతం జరిమానా కూడ పడుతుంది. కనుక పడవకు ఆ ఖాతాను ముట్టరాదు, అప్పు చేయరాదు. ఆరు నెలల ఇంటిఖర్చు చేతిలో ఉంచుకొన్న తరువాత మిగిలినదే పడవకు. మొదటి వేసవి అద్దె పడవతో గడిపి చూడాలి. మోజు తీరకపోతే, మరిద్దరు మిత్రులతో కలిసి కొనాలి. అప్పుడు వెలలోను పోషణలోను మూడోవంతే అతనిపై పడుతుంది. ఆరేడేళ్ల తరువాత, పిల్లల చదువుల ఖర్చు మొదలయ్యేనాటికి, అమ్మివేయాలి. తండ్రికి ఈ ఏర్పాటులో ‘అమ్మివేయాలి’ అన్న మాటే నచ్చింది. కుమారునికి అదే నచ్చలేదు. వచ్చే జూన్ నుండి అద్దె పడవతో మొదలుపెట్టడానికి మాత్రం ఇద్దరూ సమ్మతించారు.