సరకును బట్టి బండి

నేడు విజయవాడలో సరకుల వ్యాను కొనదలచిన వర్తకుడు, విద్యుత్తుతో నడచు బండి యెదుట నిలిచి మొట్టమొదట అడుగు ప్రశ్న "ఒక్క చార్జింగుకు ఎంత దూరము పోవును?" అనునదే. ప్రశ్న సహేతుకమే గాని, మొదట అడుగవలసినది అది కాదు. తన దుకాణమునుండి దినదినము వెడలు సరకు బరువెంత, అది ఆక్రమించు చోటెంత, అది చేరవలసిన ఊరు ఎంత దూరమున నున్నది అను మూడింటిని ముందుగా కాగితముపై వ్రాసికొని, పిమ్మట బండిని వెదకువాడు మోసపోడు. బండిని ముందు మెచ్చి, దానికి తగిన సరకును పిదప వెదకువాడు అప్పులపాలగును. కృష్ణా డెల్టాకు విద్యుత్ వ్యాను మిక్కిలి అనుకూలమైన వాహనమని నా దృఢవిశ్వాసము. అందుచేతనే, తగనివారు దానిని కొని, నాలుగు నెలలు తిరుగకముందే నిందించు స్థితి రాకూడదని నా ఆరాటము.

డెల్టా నేల సమతలము. 1855లో బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియైన తరువాత ఇక్కడి కాలువలు పొలములకు నీరు పారించుటయే గాక, ధాన్యపు పడవలను ఊరూర నడిపించి, చిరకాలము ఈ సీమ వర్తకమునకు రాజమార్గములై వర్ధిల్లినవి. ఎత్తుపల్లములు లేని చోట గొప్ప భారమును స్వల్పశక్తితో సాగింపవచ్చునని మన పూర్వులు ఆ పడవలవలననే ఎరిగిరి. విద్యుత్ మోటారునకు గూడ ఇట్టి నేలయే మేలు. ఘాటురోడ్డు ఎక్కవలసిన బండికి బ్యాటరీ త్వరగా తరుగును. విజయవాడనుండి గుడివాడకు, తెనాలికి, హనుమాన్ జంక్షనుకు పోవు బండికి ఫ్లైఓవర్లే గాని కొండలు అడ్డురావు. పైగా వన్‌టౌను సందులలోను, బెంజి సర్కిలు దరిదాపులలోను అడుగడుగున ఆగుచు సాగు ప్రయాణము డీజిలు బండికి నష్టదాయకము కాగా, విద్యుత్ బండి వేగము తగ్గించునప్పుడు మోటారే జనరేటరై కొంత శక్తిని మరల బ్యాటరీకి చేర్చును.

ఇక సంతలో నున్న బండ్లు. 2022 మే నెలలో టాటావారు తమ ఏస్ బండిని విద్యుత్ వాహనముగా వెలువరించిరి, 21.3 యూనిట్ల బ్యాటరీ, 600 కిలోల బరువు, 208 ఘనపుటడుగుల పెట్టె, 154 కిలోమీటర్ల దూరము. 2024లో టన్ను బరువు మోయు రూపము వచ్చినది. ఆ యేడే మహీంద్రావారి జియో, ఆయిలర్ కంపెనీవారి స్టార్మ్ వచ్చినవి. వీనిలో రెండవది 1,250 కిలోలు మోయునందురు. 2025 జూనులో టాటావారే 14.4 యూనిట్ల బ్యాటరీతో, 750 కిలోలు మోయు ఏస్ ప్రో అను చిన్న బండిని ఆరున్నర లక్షలకు తెచ్చిరి. కంపెనీవారు చెప్పు దూరము పరీక్షాస్థలమున తేలినది. నిండు బరువుతో, రోహిణీకార్తె ఎండలో, అందులో మూడింట రెండు వంతులే నమ్ముకొనుట వివేకము. ఆ లెక్కన గుడివాడ పోయి వచ్చుట సులభసాధ్యము. బందరు పోయి రావలెనన్న నూటనలుబది కిలోమీటర్ల పైమాటే గనుక, బందరులో బండికి చార్జింగు ఏర్పాటు చేసికొననిదే ఆ ప్రయాణమునకు పూనుకొనరాదు.

అన్నిటికంటె ఎక్కువమంది తప్పుదారి పట్టునది బరువు విషయమున. కంపెనీలు కిలోలలో చెప్పును. మన వర్తకులలో సగముమందికి సరకు కిలోలలో గాక చోటులో నిండును. కొండపల్లి బొమ్మల పెట్టెలు, దూదిపరుపులు, టెంటుహౌసువారి కుర్చీలు పెట్టె పైకప్పు వరకు నిండినను బరువు అరటన్ను దాటదు. ఇట్టివారికి 600 కిలోల బండి చాలును. వారు కొలువవలసినది పెట్టె పొడవు, ఎత్తు, తలుపు వెడల్పు. ఎనిమిదడుగుల ప్లైవుడ్ పలకలు మోయు వడ్రంగి టేపు వెంట తీసికొనిపోక, కంటిచూపుతో తృప్తిపడి మూతపెట్టె బండి కొనినచో, తలుపు మూతపడదని మొదటి దినముననే తెలిసికొనును. దీనికి విరుద్ధముగా బియ్యపు వర్తకునికి పాతిక కిలోల బస్తాలు ఇరువదినాలుగు ఎక్కునప్పటికే 600 కిలోలు పూర్తియగును, పెట్టెలో సగమునకు పైగా ఖాళీగానే మిగులును. నూజివీడు మామిడికాయల బుట్టలకు టన్ను బండి వలయును. కైకలూరునుండి మంచుగడ్డలతో కూడిన చేపలు తెచ్చువారికి వీనిలో ఏ బండియు తగదని నిర్మొహమాటముగా చెప్పవలెను.

బండి చాలనప్పుడు మనవారు ఆటోనగర్‌కు పోయి కమాను కట్టలకు మరి రెండు పట్టీలు వేయించుట, తొట్టికి ఇనుప యాంగిళ్లు అతికించుట వాడుక. ఆ పనివారి నైపుణ్యమును నేను మనసార గౌరవింతును. లారీల పనికి విజయవాడకు పేరు వచ్చినది వారి చేతుల బలిమిచేతనే. అయినను విద్యుత్ బండికి ఆ వైద్యము పనికిరాదు. అతికించిన ఇనుము బరువంతయు సరకు బరువునుండి తరుగును, దూరము తరుగును, బ్యాటరీ వారంటీకే ముప్పు రావచ్చును. ఏడాదికి రెండు మూడు మారులు వచ్చు పెద్ద లోడుకొరకు పెద్ద బండి కొనవలదు, చిన్న బండిని హింసింపవలదు. ఆ దినమునకు ఐషరు లారీని కిరాయికి తెచ్చుకొనుడు. అట్లే, వారమంతయు సరకు మోసి ఆదివారము కుటుంబమును గుడికి తీసికొనిపోవుటకు గూడ పనికివచ్చునని ఎవరును ఆశపడరాదు. ఇప్పుడు నేను పేర్కొన్న బండ్లన్నిటికి ముందు క్యాబినే గాని వెనుక సీట్లు లేవు. సరకు పెట్టెలో మనుష్యులను ఎక్కించుట చట్టవిరుద్ధము, ప్రాణాంతకము.

డబ్బు లెక్క. పై చెప్పిన ఏస్ ప్రోకే పెట్రోలుతో నడచు రూపము నాలుగు లక్షలకు దొరికినది, విద్యుత్ బండికి రెండున్నర లక్షలు అధికము. పెట్రోలు లీటరు నూటపది రూపాయలనియు, లీటరుకు పదునైదు కిలోమీటర్లనియు, కరెంటు యూనిట్ ఎనిమిది రూపాయలనియు వేసికొనినచో, నూరు కిలోమీటర్లకు సుమారు ఆరువందల రూపాయలు మిగులును. దినమునకు ఎనుబది కిలోమీటర్లు తిరుగువాడు రెండేండ్లలోపున ఆ యధికమును రాబట్టుకొనును. ఇరువదియైదు కిలోమీటర్లే తిరుగువానికి అయిదేండ్లకు పైగా పట్టును, అప్పు వడ్డీ వేరు. తక్కువ తిరుగువానికే విద్యుత్ బండి మేలను లోకాభిప్రాయము తలక్రిందులైనది. నిత్యము శ్రమించు బండికే అది లాభకరము.

పొగ మాట. ఇబ్రహీంపట్నములోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రము బొగ్గుతో నడచునంతకాలము పొగ పోయినదనరాదు, ఊరి నడుమనుండి వెలుపలికి జరిగినదనవలెను. ఆ విద్యుత్కేంద్రము చెంతనున్న ప్రజల ఆరోగ్యము వేరుగ విచారింపదగిన గంభీరవిషయము. అయినను బీసెంట్ రోడ్డులో దినమెల్ల నిలిచి అమ్ముకొను చిరువ్యాపారులకును, కాళేశ్వరరావు మార్కెట్టులో బస్తాలు మోయు ముఠా కూలీలకును ఆ జరుగుటయే గొప్ప ఉపశమనము.

భయములు లేకపోలేదు. 2022 ఏప్రిలులో ఈ నగరముననే, పడకగదిలో చార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒక గృహస్థు మరణించెను. బండిని నిద్రించు చోటికి దూరముగా, గాలి తగులు చోట, మంచి ఎర్తింగు గల సాకెట్టువద్దనే చార్జింగు పెట్టవలెను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు నీరు దినముల తరబడి నిలిచినది. బ్యాటరీలకు వ్రాసియుండు ఐపీ 67 అను హామీ మీటరు లోతు నీటిలో అరగంటకు మాత్రమే చెల్లును. వరద హెచ్చరిక వినబడినంతనే బండిని మెరకకు తరలించుటయే కాక, బీమా పత్రములో వరదనష్టము, బ్యాటరీ రెండును స్పష్టముగా చేరినవా యని కొనునాడే చదివి చూచుకొనవలెను.

2018నుండి విద్యుత్ రవాణా వాహనములకు పర్మిటు అక్కరలేదని కేంద్రప్రభుత్వము సడలింపు ఇచ్చినది. అది చిన్న వర్తకునికి నిజమైన మేలు. ఇప్పుడు కావలసినది మరియొకటి. గొల్లపూడి టోకు మార్కెట్టులో బండి నిలుపుకొని, చీటీ వ్రాయించి, ముఠావారు సరకు ఎక్కించువరకు రెండు గంటలు గడచుట మామూలు. నున్న మామిడి మార్కెట్టులోను, ఆటోనగర్ స్టాండులోను కిరాయికొరకు నిరీక్షించు గంటలు అంతకంటె ఎక్కువ. ఆ రెండు గంటలలో సామాన్యమైన పదునైదు ఆంపియర్ల సాకెట్టే ఆరు యూనిట్లు ఎక్కింపగలదు. చిన్న బండికి అది మరి నలుబది కిలోమీటర్ల దారి. లక్షలు వెచ్చించు వేగవంతమైన చార్జింగు కేంద్రములకొరకు ఎదురుచూడనక్కరలేదు. ప్రతి మార్కెట్టులో రేకుల కప్పు క్రింద పది సాకెట్లు, ఒక్కొక్కదానికి మీటరు పెట్టించుమని వర్తకసంఘములును, బండ్ల యజమానుల సంఘములును కలిసి నగరపాలకసంస్థను, విద్యుత్ పంపిణీ సంస్థను వచ్చు మామిడికాలములోపల అడుగవలెను.