కాగితపు చుట్టలు

"దీనివల్ల ఏం లాభం?" తీరిక వేళల్లో ఒక పనిని ఇష్టంగా చేసుకొనేవారికి తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. తపాలా బిళ్ళలు పోగుచేసేవారు ఏనాటికైనా వాటికి మంచి ధర పలుకుతుందని చెప్పుకోవచ్చు. మొక్కలు పెంచేవారు పూలనో కాయలనో చూపించి తప్పించుకొంటారు. సన్నని కాగితపు పట్టీలను పుల్లకు చుట్టి, ఆ చుట్టలతో పూలూ పక్షులూ చేస్తూ ఏళ్ళ తరబడి గడిపేవారికి మాత్రం జవాబు తోచదు. నిజానికి వారు జవాబు చెప్పవలసిన అవసరమే లేదు.

ఈ పనిని ఇంగ్లీషులో క్విల్లింగ్ అంటారు. క్విల్ అంటే పక్షి ఈక. పూర్వం యూరపులో కాగితాన్ని ఈక కాడకు చుట్టేవారు కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. తెలుగులో కాగితపు చుట్టల పని అనవచ్చు. చుట్ట అనగానే తాతగారి పొగాకు చుట్ట గుర్తుకు వస్తే తప్పేమీ లేదు. రెండింటిలోనూ ఉన్నది చుట్టడమే.

పనికి మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల వెడల్పు గల కాగితపు పట్టీలు కావాలి. చీపురుపుల్ల కొనను కొద్దిగా చీల్చి, ఆ చీలికలో పట్టీ అంచును దూర్చి, పుల్లను వేళ్ళ మధ్య తిప్పుతూ పోతే గట్టి చుట్ట తయారవుతుంది. పుల్లను తీసి వేళ్ళు వదిలితే అది నెమ్మదిగా విప్పారుతుంది. అప్పుడు పట్టీ చివర చుక్క బంక పెట్టి అతికించాలి. ఆ గుండ్రని చుట్టను ఒకవైపు నొక్కితే నీటిబొట్టు, రెండువైపులా నొక్కితే కన్ను, నాలుగువైపులా నొక్కితే చదరం వస్తుంది. ఐదు నీటిబొట్లను గుండ్రంగా పేరిస్తే పువ్వు. కన్ను ఆకారం ఆకుకు పనికివస్తుంది. రహస్యమంతా ఇంతే; ఒక పూటలో నేర్చుకోవచ్చు.

కాని చుట్టను ఎంతవరకు విప్పారనివ్వాలి, రేకులన్నీ ఒకే కొలతలో ఎలా వస్తాయి అన్నవి చెబితే తెలిసేవి కావు. అవి వేళ్ళకు తెలియాలి. బంక కొంచెం ఎక్కువైతే ఆరిన తరువాత మచ్చలా మెరుస్తుంది. చెమట చేతితో పట్టుకొంటే పట్టీ మెత్తబడి మాట వినదు. పదేళ్ళ అనుభవం ఉన్నవారు కూడా ఒక్కొక్కసారి ఐదో రేకును పారేసి మళ్ళీ చుట్టుకొంటారు. అలా పారేసినందుకు వారిని మందలించేవారు ఎవరూ ఉండరు. ఈ పనిలోని సుఖం చాలావరకు అక్కడే ఉంది.

సుమారు ఐదు వందల సంవత్సరాల క్రితం ఫ్రాన్సు, ఇటలీ దేశాల్లోని క్రైస్తవ మఠాల్లో సన్యాసినులు, సన్యాసులు ఈ పని చేసేవారు. పుస్తకాల బంగారు పూత అంచులను కత్తిరించగా మిగిలిన పట్టీలను చుట్టి పూజావస్తువులను అలంకరించేవారు. ఖరీదైన లోహపు తీగపనిని కాగితంతో అనుకరించడం అది. తీగపని అంటే ఒడిశాలో ఉన్న పిల్లలకు వేరే వివరించనక్కరలేదు. కటక్ వెండి తారకసి వారికి తెలిసినదే. తెలంగాణలోని కరీంనగర్‌లోనూ అటువంటి వెండి తీగపని ఉంది. వెండి తీగను మెలిపెట్టి చుట్టే ఆకారాలకూ, కాగితపు పట్టీతో వచ్చే ఆకారాలకూ దగ్గర పోలిక కనిపిస్తుంది. అయితే వెండిపని కుటుంబాలను పోషించే వృత్తి. అక్కడ తూకం ఉంది, ధర ఉంది, కొనేవారి కోరిక ఉంది. కాగితానికి ఆ బరువు లేదు.

18వ శతాబ్దంలో ఇంగ్లండులోని సంపన్నుల ఇళ్ళలో స్త్రీలు దీన్ని కాలక్షేపంగా చేపట్టారు. 1811లో వెలువడిన జేన్ ఆస్టెన్ నవల 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'లో ఒక చిన్నపిల్ల కోసం ఇటువంటి కాగితపు బుట్ట తయారవుతూ ఉంటుంది. పట్టీలు చుట్టడంలో సాయపడతానని ఎలినార్ అనే యువతి లూసీ పక్కన చేరుతుంది. ఆమెకు నిజంగా కావలసింది బుట్ట కాదు, లూసీతో ఒంటరిగా మాట్లాడే అవకాశం. రచయిత్రికి ఈ పని సంగతి బాగా తెలుసు. చేతులకూ కళ్ళకూ పని పెట్టి, చెవినీ నోటినీ వదిలివేసే పనులు కొన్నే ఉన్నాయి. అమ్మమ్మలు ఒడిలో దూది పెట్టుకొని దీపపు వత్తులు చేస్తూ కథ చెప్పేది కూడా ఇందువల్లనే. బజారులో కన్నడమో తమిళమో ఒడియానో వినిపించే ఊరిలో, ఇంట్లో నలుగురు చేరి పట్టీలు చుట్టుకొనే గంటసేపట్లో ఎన్ని తెలుగు మాటలు దొర్లుతాయో లెక్క కట్టేవారు లేరు. టెలివిజన్ ముందు ఆ మాటలు దొర్లవు.

ఇంత హాయిగా సాగే పనిని పెద్దలు మంచి ఉద్దేశంతోనే చెడగొడతారు. పిల్లవాడు రెండు పూలు చేయగానే ప్రదర్శనకు పంపుతారు. బహుమతి వస్తే ఇంకోటి చేయమంటారు, రాకపోతే మానేయమంటారు. మార్కులు వేసే రోజు రాగానే వంకర రేకు నేరమైపోతుంది. ఇంకా పెద్దయితే అమ్మకం సంగతి వస్తుంది. కాగితపు చుట్టలతో జుంకాలు, శుభాకాంక్షల కార్డులు చేసి అమ్మేవారు ఉన్నారు. అది గౌరవమైన సంపాదన. కాని జుంకాలు చేసేది కొనేవారికి నచ్చిన రంగులో. పండుగకు ముందు నలభై జతలు ఒకేలా రావాలి. అప్పుడది వృత్తి. వృత్తి గొప్పదే, అయినా ప్రతి ఇష్టాన్నీ వృత్తిగా మార్చవలసిందే అనడం అన్యాయం.

చదువు పాడవుతుందన్న తల్లిదండ్రుల భయాన్ని మాత్రం తోసిపుచ్చలేము. రాత్రంతా పట్టీలు చుట్టి ఉదయం తరగతిలో నిద్రపోయే పిల్లవాడికి ఎవరైనా అడ్డు చెప్పవలసిందే. అయితే ఈ పని ఎక్కడ ఆపినా నష్టం లేదు. మొక్కకు రోజూ నీళ్ళు కావాలి, చిలుకకు గింజలు కావాలి. కాగితపు చుట్టలు బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత వేస్తే పరీక్షలు అయ్యేవరకు అలాగే ఉంటాయి. ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు అంటూ ఐదారేళ్ళు మూత తీయకపోయినా ఉంటాయి. ఇరవై ఏళ్ళుగా ఈ అలవాటు ఉన్నదని చెప్పేవారిలో చాలామంది మధ్యలో కొన్నేళ్ళు మానినవారే. మానినా వేళ్ళు మరిచిపోవు.

ఇక ఖర్చు. దుకాణాల్లో రంగురంగుల పట్టీలు, పుల్లలు కలిపి పెట్టెలుగా అమ్ముతారు. మొదలుపెట్టేవారికి ఆ పెట్టె అక్కరలేదు. పాత క్యాలెండరు, పెళ్ళి శుభలేఖ లోపలి పలుచని కాగితం, స్కేలు, కత్తెర ఉంటే చాలు. వార్తాపత్రిక కాగితం మాత్రం నిలవదు. అందులో మిగిలి ఉండే లిగ్నిన్ అనే పదార్థం వెలుతురుకూ గాలికీ పసుపురంగుకు తిరుగుతుంది. అయినా చాలామంది మొదటి పువ్వును దానితోనే చేస్తారు. రేకులు పెద్దవీ చిన్నవీ అయి, బంక మచ్చలతో, పసుపురంగుకు తిరిగిన ఆ పువ్వును ఎన్నేళ్ళయినా పారేయరు. కొత్తవాటి కింద, డబ్బా అడుగున అది అలాగే ఉంటుంది.