పీలేరోళ్ళింట్లో ఆల్ప్స్ కొండలు

మన ఐటీ వాళ్ళలో రైలు పిచ్చి ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. ఆన్‌సైట్ నుంచి వచ్చేప్పుడు సూట్‌కేసులో చాక్లెట్ల కింద ఒక స్టార్టర్ సెట్టు పెట్టుకొస్తారు. మెర్క్లినో, హార్న్‌బీయో. డైనింగ్ టేబుల్ మీద గుండ్రంగా పట్టాలు పరిచి, ఇంజన్ని ఇరవై రౌండ్లు తిప్పి, వీడియో తీసి మళ్ళీ డబ్బాలో పెట్టేస్తారు. ఇంకాస్త ముదిరినవాళ్ళు ప్లైవుడ్డు మీద థర్మోకోల్ కొండలు కడతారు. ఆ కొండల మీద మంచు! పైన్ చెట్లు! కింద ఎర్ర పెంకుల చర్చి! కట్టినాయన ఊరేమో పీలేరు.

నా గొడవంతా అక్కడే. ఆల్ప్స్ బాగుండవని కాదు. వాటిని కట్టడానికి జర్మనీలో, స్విట్జర్లాండులో బోలెడుమంది ఉన్నారు, మనకన్నా వెయ్యి రెట్లు బాగా కడతారు కూడా. పాకాల జంక్షన్ని ఎవడు కడతాడు? మనం కట్టకపోతే ఇక లేనట్టే.

కొత్తవాళ్ళకి తెలియకపోవచ్చు. కాట్పాడి నుంచి చిత్తూరు, పాకాల మీదుగా తిరుపతి, రేణిగుంట దాకా ఒకప్పుడు నడిచింది మీటర్ గేజే. పాకాల దగ్గర చీలి దామలచెరువు, పీలేరు, కలికిరి, వాయల్పాడు, మదనపల్లె రోడ్డు, ములకలచెరువు, కదిరి మీదుగా ధర్మవరం దాకా ఇంకో లైను, సుమారు 227 కిలోమీటర్లు. సౌత్ ఇండియన్ రైల్వే వాళ్ళు 1890ల మొదట్లో వేసింది. 1992లో యూనిగేజ్ ప్రాజెక్టు మొదలయ్యాక ఒక్కో లైనే మారుస్తూ వచ్చి, ఈ పాకాల-ధర్మవరం పని 2010 ప్రాంతంలో ముగించారు. మార్చడం తప్పని నేననను, బండి మారే బాధ తప్పింది. కానీ ఆ పట్టాల మధ్య జీవితమంతా గడిపినవాళ్ళు ఇప్పుడు రిటైరై ఇళ్ళలో కూర్చున్నారు. ఏ లూపు ఎంత పొడుగు, గూడ్స్ షెడ్డు ఏ పక్కన, ఏ సిగ్నల్ ఎక్కడ అని వాళ్ళని అడగడానికి మనకి ఇంకో పదిహేనేళ్ళు ఉంటే గొప్ప. ఆల్ప్స్ ఎక్కడికీ పోవు.

"మన రైళ్ళు రెడీమేడ్‌గా దొరకవు కదన్నా" అంటారు. సరే, లెక్క చూద్దాం. హెచ్‌ఓ స్కేల్ అంటే 1:87. దాని పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. 87తో గుణిస్తే 1435, అంటే యూరప్, అమెరికాల స్టాండర్డ్ గేజ్. మన బ్రాడ్ గేజ్ 1676. ఆ స్కేల్లో 19.3 రావాలి. అంటే హెచ్‌ఓ పట్టాల మీద మన బ్రాడ్ గేజ్ బండిని ఎంత ముద్దుగా చేసినా ఒళ్ళు పెద్దదీ కాళ్ళు దగ్గరవీ అయిపోతుంది. మీటర్ గేజ్‌కి కావాల్సింది 11.5. స్విస్ మీటర్ గేజ్ లైన్ల కోసం తయారుచేసే హెచ్‌ఓఎం పట్టా 12 మిల్లీమీటర్లు. అర మిల్లీమీటర్ తేడా ఏ కంటికీ ఆనదు. చూశారా, కష్టం అనుకున్నదే సులువు! వైడీఎం-4 ఇంజన్ బాడీ త్రీడీ ప్రింటు తీసుకోవచ్చు. ఛాసిస్ దగ్గర మాత్రం తిప్పలు తప్పవు, ఒప్పుకుంటా.

ఇక సీనరీకి డబ్బులు పోయడం నాకు అస్సలు అర్థం కాని విషయం. పొట్లాల్లో వచ్చే ఆ నాచుపచ్చ పొడి మన నేలకి నప్పదు. పీలేరు మట్టిని టీ వడకట్టుతో జల్లించండి, ఆ ఎరుపు ఏ కంపెనీ రంగులోనూ రాదు. కంకరకి క్వారీ డస్టు. ఫెవికాల్ సగం, నీళ్ళు సగం, ఒక చుక్క షాంపూ కలిపి డ్రాపర్‌తో వేస్తే తెల్లారేసరికి రాయిలా బిగుస్తుంది. చింతచెట్టుకి ఎండిన కొమ్మా, చింపిన బీరకాయ పీచూ, దానిమీద రంగద్దిన రంపం పొట్టూ. దామలచెరువు దగ్గర మామిడి తోపు లేకపోతే అది దామలచెరువే కాదు, అదీ చాళ్ళు చాళ్ళుగా ఉండాలి. ఇదేదో కొత్త విద్య కూడా కాదు. దసరాకి కొలువు పెట్టే ఇళ్ళలో ఆడవాళ్ళు మెట్ల పక్కన ఇసక పోసి, రాగులో ఆవాలో మొలకెత్తించి, అద్దం ముక్కతో చెరువు చేసి ఊరు కట్టేవాళ్ళు. మన అమ్మమ్మలు లేఔట్ బిల్డర్లే. ఆ పేరు పెట్టలేదంతే :)

"ఏం సామీ, ఈ వయసులో పిల్లకాయల మాదిరి రైలుబొమ్మలేంది, ఆ డబ్బుతో రేణిగుంట పక్క ప్లాటు కొనచ్చు కదా" అనే బంధువులు ఎలాగూ ఉంటారు. కస్టమ్స్ వాళ్ళదీ అదే అభిప్రాయం. స్కేల్ మోడళ్ళు వాళ్ళ పట్టికలో బొమ్మల వరసలోనే ఉంటాయి. ఆ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి ఎక్కింది. వాళ్ళని వదిలేయండి. మనవాళ్ళే "టైం వేస్టు" అంటే మాత్రం ఒళ్ళు మండుతుంది. మనం రోజూ వాడే "హ్యాక్" అన్న మాట ఎక్కడ పెరిగింది? ఎంఐటీలో 1946లో మొదలైన టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్బులో, బల్ల కింద టెలిఫోన్ రిలేలతో కుస్తీ పట్టిన కుర్రాళ్ళ దగ్గర. డైక్‌స్ట్రా 1960ల మొదట్లో సెమఫోర్ అన్న పేరు తెచ్చింది రైల్వే సిగ్నల్ నుంచే. సింగిల్ లైన్ మీద వాడిన నీల్స్ టోకెన్ సంగతి చూడండి. రెండు స్టేషన్లలో రెండు మిషన్లు, వాటిని కలుపుతూ కరెంటు తీగ. ఒక మిషన్లోంచి గుండు బయటికొస్తే, అది ఏదో ఒక మిషన్లో మళ్ళీ పడేదాకా రెండోది రాదు. గుండు చేతిలో లేని డ్రైవరు బండి కదపడు. మ్యూటెక్స్ కాదా ఇది? రెండు అర్డుయినో బోర్డులతో వారాంతంలో చేసేయొచ్చు. కాలేజీలో చదివి మర్చిపోయిన పాఠం పిల్లలకి చేత్తో పట్టుకుని చూపించొచ్చు.

పాకాల యార్డు మొత్తం డబల్ బెడ్‌రూం ఫ్లాట్లో పట్టదు. 1:87లో కిలోమీటరంటే పదకొండున్నర మీటర్లు. ఒక లూపు లైనున్న చిన్న స్టేషన్ తీసుకోండి, ప్లాట్‌ఫారం పొడుగు సగానికి కుదించండి, గోడ పొడవునా అడుగున్నర వెడల్పు పలక చాలు. వచ్చే సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు టేపు తీసుకెళ్ళండి. పాత స్టేషన్ భవనం ఎక్కడైనా మిగిలుంటే స్టేషన్ మాస్టర్‌ని అడిగి తలుపు ఎత్తు, కిటికీ వెడల్పు, అరుగు మెట్లు కొలవండి. గోడకి స్కేలు ఆనించి మరీ ఫోటో తీయండి. సెల్ఫీ తర్వాత.